వంకకు ఇవతలి గ్రీన్

అన్న పడిపోయాడన్న కబురు మా గడపకు మొదట తెచ్చింది శాంతిపురం పక్క పల్లె నుంచి వచ్చిన ఒకావిడ. ఆడకూలీలను జట్టుకట్టి నాట్లకు తీసుకుపోయే మేస్త్రీ. అన్న ఫోన్ అతనితోపాటే తడిమట్టిలో పడి ఆరిపోయిందట. ఆమెకు తెలిసిందల్లా, మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి గోడ పక్క సందులో సారుకు ఒక చెల్లెలుందని, ఆ చెల్లెలు కాలు ఈడ్చి నడుస్తుందని. ఆ గుర్తులే పట్టుకుని కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి, పుంగనూరులో మారి, అడుగుతూ అడుగుతూ వచ్చి మా తలుపు ముందు నిలబడింది. గోళ్ళలో మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

"సారు చెల్లెలు నువ్వేనా అమ్మా?"

"నేనే."

"కూసో ముందు. సారు బతికే ఉండాడు. అది ఇను ముందు. కుప్పం ఆస్పత్రిలో ఉండాడు. కుడిపక్క సెయ్యీ కాలూ ఆడలేదు. మాట రాలేదు."

బతికే ఉండాడన్న మాటను ఆమె అన్నిటికంటే ముందు పెట్టింది. ఆ రోజు దేవునికి నేను చెప్పుకోగలిగిన కృతజ్ఞత అదొక్కటే.

మా అన్న గోల్ఫ్ మైదానాలు గీసేవాడు. బెంగళూరులో గడ్డి కోసే పనిలో చేరి, మట్టి మలిచే యంత్రాల వెంట ఏళ్ళు తిరిగి, చివరికి చిన్న మైదానాలకు తానే నమూనా ఇచ్చేంత వాడయ్యాడు. మా చర్చి సంఘంలో ఎవరికి చెప్పినా "అంటే తోటమాలి పనా?" అనేవారు. అన్న నవ్వి "ఆ, తోటే. కాయలు కాయవు, అంతే" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. పనికీ పనికీ మధ్య నా దగ్గరికి వచ్చి ఉండేవాడు.

నేను బడికి పోలేదు. పసితనంలో వచ్చిన జ్వరం నా ఎడమ కాలిని ఎండగట్టి పోయింది. అమ్మే నాకు బడి. బైబిలుతో అక్షరాలు, ఆస్పత్రి వాళ్ళిచ్చే క్యాలెండరుతో లెక్కలు. ఏదైనా అడగబోయే ముందు, ఉన్నదానికి స్తోత్రం చెప్పమనేది. ఆటలు మాత్రం అన్న నేర్పాడు. ఆస్పత్రి క్వార్టర్ల వెనక గోలీలాడేటప్పుడు తనకూ స్నేహితులకూ దూరంగా ఒక గుంత, నాకు దగ్గరగా ఇంకొక గుంత తవ్వేవాడు.

"ఒరే, రెండు గుంతలేందిరా? ఇదేం ఆటరా?" అని మగపిల్లలు గేలి చేసేవారు.

"మా పాప ఆడే ఆట. ఇష్టముంటే ఆడు, లేకుంటే పో."

నా గుంత దగ్గరగా ఉండేదే కానీ సులువుగా ఉండేది కాదు. చుట్టూ మట్టి మెత్తి, ఒక పక్కకు వాలుగా చేసేవాడు. గురి తప్పితే గోలీ జారి ఎక్కడికో పోయేది. ఎంత కోపమొచ్చేదో! అయినా ఆ గుంతలో గోలీ వేసిన రోజు, నామీద జాలిపడి గెలిపించారన్న అనుమానం నాకు ఒక్కసారీ రాలేదు.

కుప్పం దగ్గరి మైదానం ఒప్పుకున్న కొత్తలో, ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్న రాగిసంగటి ముద్దను రెండుగా తుంచాడు. పెద్దది అవతల పెట్టాడు, చిన్నది ఇవతల. నడుమ పులుసు పోశాడు.

"ఇది వంక పాపా. ఏడో ఆటకు సరిగ్గా అడ్డంగా పోతాది."

"తినే తిండితో ఆటలేంది అన్నా?"

"కాగితం మీద నీళ్ళు పారవు గదా. ఈడైతే పారతాయి." రెండు ముద్దల మీదా బొటనవేలితో నొక్కి, చెంచాతో పులుసు పోసి ఎటు జారుతుందో చూపించాడు. బంతి చివరికి పడాల్సిన, జెండా పాతిన చిన్న రంధ్రం చుట్టూ, చాప పరిచినంత నున్నగా పెంచే గడ్డిని గ్రీన్ అంటారు. మైదానంలో ఒక్కో రంధ్రం దాకా సాగే మజిలీని అన్న 'ఆట' అనేవాడు. మామూలుగా ఒక ఆటకు ఒక్కటే గ్రీన్ ఉంటుంది. అన్న ఈ ఏడో ఆటకు రెండు పెట్టాడు.

"గట్టిగా కొట్టేటోళ్ళకు వంక అవతలిది. మరి దాటించలేనోళ్ళు? ముసలోళ్ళుంటారు, పిల్లలుంటారు. వాళ్ళు ఈడనే నిలబడి సూస్తా ఉండాల్నా? అందుకే ఇవతల ఇంకోటి. ఒకనాడు జెండా ఆడ, ఒకనాడు ఈడ."

"ఇవతలిది పిల్లలాట అయిపోదా?"

"అదే కష్టం. దగ్గరుంది గదా అని సులువు చేసినావనుకో, ఎవురూ దాన్ని లెక్క చెయ్యరు. అందుకే చిన్నగా చేసి వెనక్కి వాలు పెట్టినా. కొంచెం గట్టిగా తగిల్నా బంతి జారి ఇసక గుంతలో పడతాది. అవతలికి కొట్టేటోడు తడబడినా అదే ఇసకలో పడతాడు. రెండిటికీ ఒకటే గుంత." అని చిన్న ముద్దను నా కంచంలో పెట్టాడు. "నీ గ్రీన్ నువ్వు తిను."

యజమానికి ఈ మాటలేవీ చెప్పలేదు. ఒక గ్రీన్ గడ్డి అలిసిపోతే దానికి విశ్రాంతినిచ్చి రెండోదాని మీద ఆడుకోవచ్చునని మాత్రం చెప్పాడు. అదీ నిజమే. బెంగళూరులో ఉండే ఆ యజమాని ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. వానలకు ముందు తాను చూడవచ్చేసరికి గడ్డి అల్లుకోకపోతే ఇవతలిది మానుకోవాలి. అందుకే అన్న ఇవతలి గ్రీన్‌నే ముందు నాటించాడు. అది చిక్కగా అల్లుకుంది. అవతలిది సగం నాటు పడగానే, ఆ ఎండలో, అన్న పడిపోయాడు.

నేను మేస్త్రీ అక్కతో బయల్దేరాను. పుంగనూరు బస్టాండులో కుప్పం వైపు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమె నాకు టీ తెచ్చిచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది. నన్ను మాటల్లో పెట్టాలని చూసింది, పాపం.

"మీ అన్న మమ్మల్ని ఏం నాటమన్నాడో తెలుసునా? గరిక! సన్నరకమంట, పోచలు యాడనుంచో లారీలో వస్తాయి. మా అమ్మ బతుకంతా గరిక పీకీ పీకీ నడుము ఇరగ్గొట్టుకునింది. మేము నాటతాండాం. 'సారూ, మా సేన్లోకి రా, ఊరికే ఇస్తా' అంటి. ఏమన్నాడో తెలుసునా? 'అక్కా, నువ్వు పీకినా సావని దాన్నే నేను నాటతాండా' అన్యాడు."

ఆ చోట, ఆ దుఃఖంలో, నాకు నవ్వొచ్చింది. దానికీ స్తోత్రం.

కుప్పం ఆస్పత్రిలో అన్న ముఖం సగం తెలిసిన ముఖం, సగం తెలియని ముఖం. నన్ను చూసి ఎడమ చేయి ఎత్తి రెండు వేళ్ళు చూపాడు. తర్వాత ఒక వేలు ముడిచి, రెండోదాన్ని ఆడించాడు. రెండోది, ఇవతలి చిన్న గ్రీన్, ఎలా ఉంది? ఆ ప్రశ్న నాకు వెంటనే అర్థమైంది. మదనపల్లెకు తెచ్చుకున్నాక కూడా రోజూ అదే అడిగేవాడు. గంజి తాగించబోతే ముందు వేళ్ళు లేచేవి. దుప్పటి కప్పితే దుప్పటి కింద నుంచి వేళ్ళు లేచేవి. "బాగుంది అన్నా, ముందే అల్లుకుంది కదా" అనేదాన్ని. అప్పటికి అది నాకు తెలిసిన నిజం.

ఆ రోజుల్లో నా ప్రార్థన చెడిపోయింది. ముందు స్తోత్రం, తర్వాత విన్నపం అన్న వరుస నిలవలేదు. మోకరిస్తే నోట "ప్రభువా, ప్రభువా" అన్న పిలుపు తప్ప ఏమీ వచ్చేది కాదు. అన్న బతుకు ఆ చిన్న పచ్చటి ముక్కకు వేలాడుతోందని నాకు అనిపించేది. అది నిలిస్తే లేస్తాడు. అలా అనుకోవడం విశ్వాసమో మొండితనమో ఇప్పటికీ తెలియదు.

యజమాని వచ్చి చూసిపోయాడని తెలిసి, పక్కింటి నర్సమ్మను అన్న దగ్గర ఉంచి మళ్ళీ కుప్పం పోయాను. మేస్త్రీ అక్క నన్ను దూరం నుంచే చూసి, చెయ్యి ఊపుతూ ఎదురొచ్చింది.

"రామ్మా, రా! సారుకు సెప్పాల నువ్వు. అవతలిదంతా నిండిపోయింది సూడు! సారు లేడని లారీ రాలేదు. 'ఓనరు వచ్చేలోగా పెద్దది పచ్చబడకుంటే మీ సారు పని ఊడినట్లే' అని మేనేజరు అన్యాడు. మేము ఊరుకుంటామా? ఆదివారం, కూలి లేకుండా అందరమూ వచ్చి, ఈ పక్క చిక్కగా పెరిగినదంతా పీకి ఆడ నాటేస్తిమి. ఓనరు సంతోషంగా పోయినాడమ్మా."

నేను ఇవతలి వైపు చూశాను. అన్న వెనక్కి వాలుగా మలిచిన ఆ నేల ఎర్రగా, గీరిన తలలా ఉంది.

వాళ్ళ తప్పేముంది? తరాలుగా వాళ్ళు చూసింది అదే. చిన్న మడిలో నారు చిక్కగా పెరుగుతుంది. పెద్ద మడి ఖాళీగా ఎదురుచూస్తుంది. చిన్నదాన్ని పీకి పెద్దదానిలో నాటుతారు. ఒకే పంటకు రెండు మడులు ఇంకెందుకుంటాయి?

నా ముఖం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏమమ్మా? యాల అట్ల సూస్తాండావు? అది నారుమడి కాదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "కాదక్కా. అదీ ఆటకే. వంక దాటించలేని వాళ్ళ కోసం అన్న చేశాడు."

ఆమె ఒకసారి నా కాలి వైపు చూసింది. తర్వాత ఆ ఎర్రటి నేల మీద కూలబడి, మట్టిలో మిగిలిన వేరుముక్కలను వేళ్ళతో వెతికి, ఒక్కొక్కటే లోపలికి నొక్కసాగింది. "అయ్యో, సారూ! నేనేం సేస్తిని సారూ!" అని నేలతో చెప్పుకుంటోంది. నేను పక్కన కూర్చుని చేయి పట్టుకున్నా విడిపించుకుంది. మేనేజరు దూరం నుంచి కేకేశాడు. "ఇంగ దాన్ని వదిలెయ్యండి! ఓనరు ఒకటి సాలన్యాడు. దానికి నీళ్ళు గూడా పెట్టొద్దన్యాడు."

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. చెబితే అన్న ఏమవుతాడు? చెప్పకపోతే, ఆ వేళ్ళు లేచిన ప్రతిసారీ నేను ఏమవుతాను? పుంగనూరు దాటాక కళ్ళు మూసుకుని, అబద్ధం చెప్పే ధైర్యమైనా, నిజం చెప్పే ధైర్యమైనా, ఏదో ఒకటి ఇమ్మని అడిగాను. అలాంటి ప్రార్థన అమ్మ నేర్పలేదు.

ఇంటికి వచ్చేసరికి అన్న మేలుకునే ఉన్నాడు. వేళ్ళు లేచాయి. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. లారీ రాకపోవడం, మేనేజరు బెదిరింపు, ఆదివారం కూలి లేకుండా చేసిన నాట్లు, నారుమడి. అన్న కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. కాసేపటికి అతని భుజం కదిలింది. నేను భయపడి నర్సమ్మను పిలవబోయాను. అన్న నా కొంగు పట్టి ఆపాడు. కదిలే సగం ముఖమంతా నవ్వు! ఎడమ చేత్తో గాలిలో పీకాడు, ఇంకోచోట నాటాడు, మళ్ళీ పీకాడు, మళ్ళీ నాటాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారేదాకా నవ్వాడు. చివరికి నోరు తిప్పుకుని, పడిపోయాక మొదటిసారి ఒక మాట కూడదీసుకున్నాడు. "గ...రి...క."

నేను దాన్ని బాగుపడటానికి గుర్తనుకున్నాను. మరుసటి వారం పక్షవాతం రెండోసారి వచ్చింది. తెల్లవారి ఆస్పత్రి గంట కొట్టే వేళకు అన్న ప్రభువు దగ్గరికి పోయాడు.

సమాధి కార్యక్రమానికి శాంతిపురం నుంచి జట్టులోని ఆడవాళ్ళందరూ వచ్చారు. మేస్త్రీ అక్క రాలేదు. "సారును నేనే సంపితిని అంటాదమ్మా," అన్నది వాళ్ళలో ఒకామె. "ఎవురు సెప్పినా ఇనదు."

వానలు పడ్డాక పోయి చూశాను. ఎవరూ నీళ్ళు పెట్టని, జెండా లేని ఆ నేల మీద గరిక తిరిగి వచ్చింది. అక్కడక్కడా ఖాళీలున్నాయి కానీ వచ్చింది. ఆమె నొక్కిన వేర్ల నుంచే వచ్చిందో, పీకగా నేలలో మిగిలిన వేర్ల నుంచో చెప్పలేను. వాలు చెదరలేదు. యజమాని దాన్ని ఆటలో చేర్చుకోలేదు. చేర్చుకుంటాడన్న ఆశా నాకు లేదు. ఇసక గుంత ఒడ్డున కూర్చుని చాలాసేపు ఏడ్చి, అన్నను ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పి వచ్చాను. ముందు ఏడుపు, తర్వాత స్తోత్రం. ఇప్పుడు నాకు చేతనైన వరుస అదే.

ఆమె ఇంటికీ పోయాను. తాళం వేసి ఉంది. కూతురి దగ్గరికి బెంగళూరు పోయిందని ఒకరు, అక్కడా లేదని ఒకరు అన్నారు. ఆ నవ్వు సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

ఇది చదివేవాళ్ళు మా అన్న కోసం ప్రార్థించనక్కరలేదు. అతడు వంక దాటేశాడు. ఆమెను గుర్తుపెట్టుకోండి. యాభై దాటిన మనిషి, పొట్టి, ఎవరికైనా కష్టం చెప్పాల్సి వస్తే బతికే ఉన్నాడన్న మాట ముందు చెప్పే మనిషి. మీ కూలి పనుల్లోనో, మీ ఇంటి వెనక వాకిట్లోనో అలాంటి ఆవిడ కనబడితే, సారు నవ్వాడని చెప్పండి. గరిక వచ్చిందని కూడా చెప్పండి.