లేని ఇరవై రెండు వేలు

రామతీర్థం కొండవైపు తిరిగి, చెప్పులు విడిచి, ప్రమాణం చేసి రాస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

కొత్తవలసలో నాది మోటార్లు బాగుచేసే షాపు. కాలిపోయిన పంపుసెట్టు మోటారులోంచి పాత రాగితీగ లాగేసి కొత్తది చుట్టడం పని. పాతికేళ్లుగా చుడుతున్నాను. ఈ మధ్య సన్నతీగ కంటికి ఆనడం లేదు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు గానీ, చుట్టిందే విప్పి మళ్లీ చుట్టడం మా ఆవిడ ఒకసారి చూసేసింది.

సరిగ్గా అప్పుడే భోగాపురం దగ్గర ఆవిడ అమ్మమ్మ రాసిచ్చిన చిన్న భూమి చెక్క రోడ్డు కింద పోయింది. పరిహారం ఆవిడ ఖాతాలో పడింది. మర్నాటి నుంచి మనుషులు రావడం మొదలు. ఒకడు ప్లాట్లన్నాడు, ఒకడు ఏడాదికి రెట్టింపన్నాడు. వాళ్లిచ్చిన రంగు కాగితాలు తిని మా వీధి మేక వారం రోజులు మెరిసే పాలిచ్చింది. మా ఆవిడకి మాత్రం నిద్ర లేదు. నా చూపు పోయాక మేమిద్దరం తినాల్సింది ఆ డబ్బే. అది ముందే పోతుందేమోనని ఆవిడ భయం.

"సర్చి హాల్లో శనివారం శనివారం ఒకామె కూకుంటాదట మావా. బేంకులో సేసి రిటైరయ్యిందట. డబ్బు ఎలా దాసుకోవాలో సెప్తాదట," అంది.

"ఎంత తీసుకుంటాది?"

"ఏటీ తీసుకోదట."

అక్కడే నాకు తేడా కొట్టింది. డబ్బు తీసుకుని చెప్పేవాడైతే ఎంత పోతుందో ముందే తెలుస్తుంది. ఊరికే చెప్పేవాళ్లకి ఎక్కడినుంచి గిట్టుబాటవుతుంది? ఏ పాలసీ కంపెనీవాడు వెనకున్నాడు? టీ కొట్టులో ఆరా తీశాను, ఆటో స్టాండులో తీశాను, ఆమె కూరలు కొనే బండి దగ్గర కూడా తీశాను. ఒక్కరూ చెడ్డగా చెప్పలేదు. అనుమానం రెట్టింపయింది. ఎవరో ఒకరైనా చెడ్డగా చెప్పని మనిషి మా ఊళ్లో ఉండడం అసాధ్యం.

సరే, వెళ్లాం. బల్లమీద ఒక నోటుపుస్తకం, నీళ్ల సీసా. ఇంకేమీ లేవు. పాలసీ కాగితాలు కాళ్ల దగ్గరున్న సంచిలో దాచి ఉంటుందనుకున్నాను.

"నెలకి ఎంతొస్తాది బాబూ?" అంది బేంకామె.

మా వైపు ఒక పద్ధతి ఉంది. అప్పడిగేవాడికి తక్కువ చెబుతాం, పరాయివాడికి ఎక్కువ చెబుతాం, ఇంట్లో అసలు చెప్పం. పైగా ఎక్కువ చెబితే ఆశపడి సంచి తెరుస్తుంది, దొరికిపోతుందని నా ఎత్తు.

"నలభై వేలండి," అన్నాను.

సంచి తెరవలేదు. బుద్ధిగా రాసుకుంది. పక్కనున్న మా ఆవిడ మాత్రం మెల్లగా తల తిప్పి నావైపు చూసింది. నేను ఇంట్లో ఇచ్చేది పద్ధెనిమిది.

"అంతొస్తంటే ఈ పరిహారం మీరు ముట్టుకోనక్కర్లేదమ్మా," అని ఆమె మా ఆవిడతో చెప్పింది. "మొత్తం ఐదేళ్లకి డిపాజిట్ కట్టేయండి. అవసరాలకి ఆయన సంపాదనలోంచే నెలనెలా పక్కన పెట్టుకోవచ్చు. పై శనివారం రండి, ఫారం నింపుదాం."

ఇక అనుమానపడడం మా ఆవిడ వంతయింది. చొక్కా జేబులు వెతికింది. ఎన్నడూ లేనిది మూడు రోజులు వరసగా షాపుకే క్యారేజీ తెచ్చింది. మిక్సీ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకామెను కాలి మెట్టెల దగ్గర్నుంచి చూసింది. నాలుగో రోజు కంచం ముందు పెట్టి అడిగింది.

"ఆ ఇరవై రెండు వేలు ఎవులికిస్తన్నావు?"

"ఎవులికీ లేదే. అసలు లేవు. ఊరికే అన్నాను."

"బేంకామెకి అబద్దం సెప్పావా?"

"ఆమెకే సెప్పాను."

"నాకు సెప్పట్లేదని ఏటి గేరంటీ?"

జీవితమంతా కోతలు కోసినవాడు నిజంగా పేదవాడినని నిరూపించుకోవడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. ఆవిడేమో పట్టుదలగా ఉంది. నాకంత వస్తున్నప్పుడు తన డబ్బు ఐదేళ్లూ కట్టేస్తానంది. కట్టేస్తే, రేపు నాకు తీగ కనపడని రోజున పొయ్యి ఎలా వెలుగుతుంది?

శనివారం ఆ హాల్లో ఫారం బల్లమీదికొచ్చింది. మా ఆవిడ పెన్ను మూత తీసింది. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నాకొచ్చేది పద్ధెనిమిది వేలేనని, చూపు తగ్గుతోందని, అదీ ఎన్నాళ్లో తెలియదని చెప్పేశాను.

బేంకామె నవ్వలేదు. ఆ పేజీ కొట్టేసి కొత్త పేజీ తిప్పింది.

"ముందు కంటి డాక్టరు," అంది. "ఏడాది ఇంటి ఖర్చు మామూలు ఖాతాలోనే ఉంచండి. మిగతాది ఒకేచోట కట్టకండి. నాలుగు ముక్కలు చేసి, ఒకటయ్యాక ఒకటి చేతికొచ్చేలా వేయండి. రెట్టింపిస్తానన్నోడికి టీ ఇచ్చి పంపీయండి."

ఆ రాత్రి మా ఆవిడ గురక పెట్టి నిద్రపోయింది. ఇప్పుడు నాకు కళ్లద్దాలున్నాయి, తీగ కనిపిస్తోంది. బేంకామె సంచిలో ఏముందో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఇందులో ఒక్క ముక్క కల్పించాను, ఒప్పుకుంటున్నాను. నేను లేచి నిలబడడం. నిజానికి నేను కుర్చీలోనే కూర్చుని ఫ్యాను మోటారు ఎవరు చుట్టారా అని పైకి చూస్తున్నాను. క్యారేజీ తెచ్చిన మూడు రోజుల్లోనూ నా బిల్లు పుస్తకాలు ఎప్పుడు పట్టుకెళ్లిందో గాని, మా ఆవిడే తన సంచిలోంచి వాటిని తీసి బల్లమీద పెట్టింది.

"పద్ధెనిమిదేనమ్మా," అంది. "కళ్లు కూడా పోతన్నాయి. ఆయన సెప్పడు."

"నలభై," అన్నాను నేను, అప్పుడు కూడా.