మడుగు ఒడ్డున అన్నయ్య మడత

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే అందరికంటే ముందు నవ్వేది నేనే. మనవరాళ్ళు ఫోనులో ఏవో భయపెట్టే వీడియోలు చూసి ముసుగేసుకుంటే, మీ మొహాలు చూస్తే దయ్యమే జడుసుకుంటుందే అని ఏడిపిస్తాను. ఆయన పోయాక చాలా ఏళ్ళు ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. ఒక్క రాత్రి కూడా దీపం పెట్టుకుని పడుకోలేదు.

అలాంటిదాన్ని ఈ సంగతి రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. ఇది తెలిసినవాళ్ళలో నేనూ మా తమ్ముడూ మిగిలాం. మేమిద్దరం పోతే మా భద్రం అన్నయ్య అనే మనిషి ఒకడు ఉండేవాడని చెప్పేవాళ్ళు కూడా ఉండరు. అందుకని రాస్తున్నాను.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మేం బెజవాడలో ఉండేవాళ్ళం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద నాన్న, రెండోదాని మీద అన్నయ్య. అమ్మ నూలు కండెలు చుట్టేది. నేనూ చుట్టేదాన్ని గానీ, చుట్టినంత నూలూ తెంపేదాన్ని.

అన్నయ్యది ఎడమచేతి వాటం. నేతలో ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు, మడతలో తెలిసేది. మగ్గం మీంచి దింపిన పంచెని అంచు కుడి పక్కకి వచ్చేట్టు మడిచేవాళ్ళం. షావుకారు దొంతర పెట్టినప్పుడు అంచులన్నీ ఒకే వైపు కనబడాలి. అన్నయ్య మడిస్తే అంచు ఎడమకి వచ్చేది. పైగా చివరి మడతని ఎలాగో లోపలికి తిప్పి దోపేవాడు. విసిరేసినా అది విడిపోయేది కాదు.

సాయంత్రం నాన్న కూర్చుని అవన్నీ విప్పి మళ్ళీ తన పద్ధతిలో మడిచేవాడు. "ఊరందరిదీ ఒక చెయ్యి, వీడిదొక చెయ్యి" అని గొణుక్కునేవాడు. అన్నయ్య నవ్వేసేవాడే తప్ప తన మడత మార్చుకోలేదు.

అన్నయ్యకి చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారేది. నేను పుట్టకముందు ఒకసారి కాలవలో దిగి వచ్చి, జ్వరం తలకెక్కి, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడట. బతికి బయటపడ్డాక, ఇక నీళ్ళలో దిగనని నాన్న అతని చేత ఒట్టు వేయించుకున్నాడు. మీసాలొచ్చినా అన్నయ్య ఆ ఒట్టు తప్పలేదు. ఊళ్ళో మూడు కాలవలు పారుతుంటే చెంబుతో స్నానం చేసే మొనగాడు అని వీధిలో అందరూ ఆటపట్టించేవాళ్ళు.

ఎండాకాలం కాలవలు కట్టేసేవాళ్ళు. కృష్ణలోకి పిల్లల్ని దిగనిచ్చేవాళ్ళు కాదు, ఇక ఊళ్ళో ఈతకి చోటే ఉండేది కాదు. అందుకని అమావాస్యకి అన్నయ్య నన్నూ తమ్ముణ్ణీ రైలెక్కించి కొండపల్లి తీసుకెళ్ళేవాడు. అమావాస్య అనగానే మీకేం గుర్తొస్తుందో గానీ, మా ఇంట్లో ఆ రోజు మగ్గం ముట్టేవాళ్ళు కాదు. మాకది సెలవు రోజు, అంతే.

స్టేషన్లో దిగి, కొండల వైపు చాలా దూరం నడిస్తే ఒక వాగు. వేసవికి వాగంతా ఇసుకే గానీ, అది మలుపు తిరిగే చోట రాళ్ళ మధ్య ఒక మడుగు ఉండేది. అడుగున ఊట ఉండటం వల్ల ఎంత ఎండల్లోనైనా ఎండేది కాదు. పైన నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి, కాళ్ళు కిందికి వదిలితే చల్లగా తగిలేవి. ఆ చల్లదనం కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం.

నాకూ తమ్ముడికీ ఈత నేర్పింది అన్నయ్యే. తను మాత్రం కాలు తడవకుండా ఒడ్డున పెద్ద బండ మీద కూర్చుని నేర్పాడు. బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర తేలికైన పొణికి చెక్క ముక్కలు అడిగి తెచ్చి మా వీపులకి కట్టేవాడు. "కాళ్ళు ఆడించవే కనకం, కప్పని చూళ్ళేదా ఎప్పుడూ" అని అక్కణ్ణించి కేకలేసేవాడు. నీళ్ళలో దిగనివాడు మాకు చెప్పొచ్చాడని నేను వెక్కిరించేదాన్ని. కానీ చెప్పినవన్నీ సరిగ్గానే చెప్పేవాడు. అంతగా చూశాడన్నమాట, ఈదేవాళ్ళని.

మా బట్టలకి కాపలా కూడా అతనే. బట్ట దొరకని కాలం అది. రేషను మీద గజాల లెక్కన ఇచ్చేవాళ్ళు. మాకు నూలు కూడా దొరికేది కాదు, నేసేవాళ్ళ ఇంట్లోనే చిరుగులు కట్టుకునేవాళ్ళం. స్నానాల రేవుల్లో విడిచిన బట్టలు మాయమవడం మామూలే. మేం విసిరేసి దూకిన బట్టలన్నీ అన్నయ్య ఏరి, తన పద్ధతిలో మడిచి, ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టేవాడు.

అన్నయ్య ఉన్న ఆఖరి వేసవిలో ఊళ్ళో డాక్టరు చెవి చూసి, బాగా ఆరిందనీ ఇక భయం లేదనీ చెప్పాడు. నాన్నకి ధైర్యం చాల్లేదు. "ఈ ఏడాదికి ఆగరా. వచ్చే ఎండలకి నేనే దగ్గరుండి దింపుతాను" అన్నాడు. అన్నయ్య సరేనని, ఆ వచ్చిన అమావాస్యకే కొండపల్లిలో తన ఒంటికి సరిపోయే పెద్ద పొణికి చెక్క కొనుక్కున్నాడు. దాన్ని తన మగ్గం పైన దూలానికి వేలాడదీశాడు. నేస్తూ నేస్తూ మధ్యలో తలెత్తి చూసుకునేవాడు. పెళ్ళికొడుకు తాళిబొట్టు చూసుకున్నట్టు చూసుకుంటున్నావేంట్రా అని అమ్మ నవ్వేది.

వానలు పడ్డాక అన్నయ్యకి టైఫాయిడ్ వచ్చింది. అప్పటికి దానికి సరైన మందు లేదు. జ్వరంలో నీళ్ళు, నీళ్ళు అని అడిగేవాడు. ఇస్తే తాగేవాడు కాదు. ఏ నీళ్ళు అడుగుతున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. వినాయక చవితి రాకముందే పోయాడు.

అతని మగ్గం మీద సగం నేసిన పంచె అలాగే ఉండిపోయింది. నాన్న దాన్ని ముట్టుకోలేదు. దూలానికి చెక్క కూడా అలాగే ఉంది.

మళ్ళీ ఎండలొచ్చాయి. పిల్లలు ముడుచుకుపోతున్నారు, ఒక్కసారి మడుగుకి తీసుకెళ్ళమని అమ్మే నాన్నని పోరింది. ఒళ్ళు తుడుచుకోవడానికి అన్నయ్య కట్టిన పంచె ఇచ్చింది. ఇంట్లో వేరే బట్ట లేదు.

నాన్న మాతో కొండపల్లి దాకా వచ్చాడు, వాగు దాకా వచ్చాడు. గట్టు మీద వేపచెట్టు దగ్గర ఆగిపోయాడు. అక్కణ్ణించి మడుగు కనబడదు. "నేనిక్కడ కూర్చుంటానమ్మా. ఆ బండ చూడలేను. మీరు తొందరగా వచ్చేయండి" అన్నాడు.

నేనూ తమ్ముడూ దిగాం. నా మంచి పరికిణీ, తమ్ముడి చొక్కా లాగూ, అన్నయ్య పంచె అన్నీ బండ మీద ఒక కుప్పగా పడేశాం. కాసేపు ఈదాం. తమ్ముడు బండ వైపు చూసి, ఎవరూ అరవట్లేదే అక్కా అన్నాడు. వాడు అన్నది అంతే. నాకు నీళ్ళలోనే ఏడుపొచ్చింది. తల ముంచి ఏడ్చాను, వాడికి తెలియకుండా.

ఇంతలో పెద్దగాలి లేచింది. ఇసుక కళ్ళలో పడి ఏమీ కనబడలేదు. బట్టలు ఎగిరిపోతాయని భయమేసింది. గాలి తగ్గగానే ఒడ్డుకి ఈదుకొచ్చాం.

బట్టలు బండ మీదే ఉన్నాయి. అన్నీ మడిచి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాయి ఉంది.

అది మిట్టమధ్యాహ్నం. చుట్టూ మనిషి అలికిడి లేదు. పశువులు కాసేవాడెవడైనా వచ్చాడనుకుందామంటే, ఆ రోజుల్లో ఒడ్డున దిక్కులేకుండా పడున్న బట్టలు చూసినవాడు పట్టుకుపోతాడు గానీ మడిచి పెట్టడు. నేను వంగి చూశాను. పంచె అంచు ఎడమ పక్కకి ఉంది. చివరి మడత లోపలికి తిప్పి దోపి ఉంది.

నాకు భయం వేయలేదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు, కానీ నిజం. అన్నయ్య ఇంకా బట్టలకి కాపలా కాస్తున్నాడు. ఇంకా నీళ్ళలో దిగలేదు.

పంచె విప్పడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు. తడి ఒళ్ళతోనే బట్టలు వేసుకుని, పంచెని రెండు చేతుల మీద పెట్టుకుని గట్టెక్కాను. నాన్న దూరం నుంచే కోప్పడ్డాడు. "తుడుచుకోకుండా వచ్చారేంటి, చెవుల్లోకి నీళ్ళెళ్తే ఏం కావాలి" అంటూ పంచె అందుకున్నాడు.

అందుకుని ఆగిపోయాడు. అంచు మీద వేలు పెట్టి అలా జరుపుతూ వెళ్ళాడు. ఆ మడత కనబడితే చాలు, విప్పేసి తిరిగి మడిచే చేతులు ఆయనవి. ఆ రోజు విప్పలేదు. ఎవరు మడిచారని అడగలేదు. పంచెని గుండెలకి అదుముకుని, చూడలేనన్న ఆ బండ దగ్గరికి దిగి వెళ్ళాడు. మేం వెనకే వెళ్ళాం.

నాన్న నీళ్ళ అంచున కూర్చున్నాడు. పంచెని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఇంట్లో మగ్గం దగ్గర మాట్లాడినంత మామూలుగా అన్నాడు. "భద్రం, చెవి మానిపోయిందని డాక్టరు చెప్పాడుగా. ఒట్టూ లేదు ఏమీ లేదు. దిగు నాయనా. బట్టలు నేను చూసుకుంటాను."

అంతవరకే అనగలిగాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే. అన్నయ్య పోయిన రోజున కూడా ఏడవలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ పంచెని ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. విప్పకుండా ట్రంకు పెట్టెలో పెట్టింది.

తర్వాత అమావాస్యకి నాన్న దూలం మీంచి చెక్క విప్పి భుజాన వేసుకున్నాడు. మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. ఈసారి నాన్న మడుగు దాకా వచ్చి, చెక్కని నీళ్ళలో వదిలి, దాన్ని మెల్లగా లోపలికి తోశాడు. మేం బట్టలు విసిరేసి దూకాం. నాన్న కావాలనే వాటిని ముట్టుకోలేదు. దూరంగా వెళ్ళి వీపు తిప్పి కూర్చున్నాడు.

మేం ఒడ్డుకొచ్చేసరికి బట్టలు విసిరినవి విసిరినట్టే ఉన్నాయి. తమ్ముడి చొక్కా గాలికి ఎగిరి ముళ్ళకంపలో చిక్కుకుంది. నాన్న వచ్చి చొక్కా తీశాడు. చిరిగింది. కొత్త చొక్కా దొరకని రోజుల్లో ఆ చిరుగు చూసి మా నాన్న నవ్వాడు. "కాపలా లేడమ్మా" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "లేడు. దిగాడు."

చెక్క నీళ్ళ మధ్య తేలుతోంది. దాన్ని అక్కడే వదిలి వచ్చేశాం. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా మా బట్టలు ఎవరూ మడవలేదు. చెక్క కూడా మళ్ళీ కనబడలేదు. ఎవరైనా పట్టుకుపోయుంటారు.

మొదటిసారి మడిచింది నాన్నేనని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. కొడుకు మీద బెంగతో, మేం ఈదుతుండగా చాటుగా వచ్చి మడిచి వెళ్ళుంటాడంటాడు. గాలికి కళ్ళు మూసుకున్నాంగా, రాలేదని ఎలా చెప్తావు అంటాడు. వాడు చదువుకున్నవాడు, వాడి మాట కొట్టిపారేయలేను. నాకూ అలా అనుకోవడమే సుఖం.

కానీ ఒక సంగతి అడ్డొస్తుంది. ఆ రోజు నుంచి పోయేదాకా, సాయంత్రం మగ్గం దిగాక నాన్న ఒక పంచె ఒళ్ళో వేసుకుని అన్నయ్య మడత వేయాలని చూసేవాడు. అంచు ఎడమకి తెచ్చేవాడు గానీ, చివరి మడత దోపడం కుదిరేది కాదు. ఇన్నేళ్ళూ దాన్ని విప్పడమే తప్ప వాడు ఎలా వేస్తున్నాడో ఒక్కసారి కూడా చూడలేదమ్మా అని నాతో అనేవాడు. నేర్చుకోవాలంటే ట్రంకు పెట్టెలో ఉన్న ఆ ఒక్క పంచె విప్పి చూడాలి.

ఆయన విప్పలేదు. అమ్మా విప్పలేదు. ఇప్పుడది నా దగ్గరుంది. మడతల దగ్గర బట్ట చివికిపోయింది. దాన్ని ఎవరు మడిచారో నాకు ఈరోజుకీ తెలియదు, విప్పితే తెలుస్తుందేమో కూడా తెలియదు. నేనూ విప్పను.