ముప్పై రెండా, పదహారా

మా డిపార్ట్‌మెంట్ ల్యాబులు ఊడ్చే అక్కది లాలాపేట్. ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాస్తోంది, తెలుగు మీడియం. అన్నీ గట్టెక్కాయి, కెమిస్ట్రీ ఒక్కటే మిగిలింది. అది పాసైతే నర్సింగ్‌లో చేరొచ్చు. ఈసారి పోతే వయసు దాటిపోతుంది. "మోల్ లెక్కలు సమజైతలేవు మేడం, జర చెప్తరా?" అంది. నేనక్కడ కెమిస్ట్రీలోనే రీసెర్చ్ చేస్తున్నానాయె. "ఓస్, అంతేనా!" అన్నాను. నాకు టెక్కు కాస్త ఎక్కువే, దాచడం దేనికి.

లంచ్ టైంలో ల్యాబు మెట్ల మీద కూర్చున్నాం. "మోల్ అంటే డజను లాంటిదే అక్కా. కాకపోతే లెక్కపెట్టలేనంత పెద్ద డజను. డజను గుడ్లన్నా పన్నెండే, డజను గుమ్మడికాయలన్నా పన్నెండే. బరువే వేరు."

ఆమె నవ్వింది. "గట్ల చెప్పుండ్రి మేడం, ఎక్కుతది."

నేను తార్నాకలో పుట్టి ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్ని. ఆటమ్‌ని తెలుగులో ఏమంటారు? ఆటంబాంబు అంటే అణుబాంబు కదా, అణువే అయ్యుంటుంది. "ఒక మోల్ ఆక్సిజన్ అణువులు పదహారు గ్రాములు, రాసుకో" అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. "బుక్కుల ముప్పై రెండని ఉన్నది గద మేడం?"

"బుక్కు తప్పక్కా! నేను రోజూ చేసే పనే ఇది." కసిరినట్టే అన్నాను, ఆకలి మీదున్నాను మరి. ఆమె పదహారనే రాసుకుంది.

ఆమె పరీక్ష మూడు మార్కుల్లో పోయింది. క్వశ్చన్ పేపరు తెచ్చి చూపించింది. అరవై నాలుగు గ్రాముల ఆక్సిజన్‌లో ఎన్ని మోల్‌ల అణువులుంటాయి? నాలుగు మార్కుల ప్రశ్న. నాలుగు మోల్‌లని రాశానంది. ఎందుకో అనుమానమొచ్చి ఆమె పుస్తకం మొదటిసారి తెరిచాను. అణువంటే మాలిక్యూల్. ఆటమ్‌ని పరమాణువు అంటారట. రెండు పరమాణువులు కలిస్తే ఒక ఆక్సిజన్ అణువు, అందుకే ముప్పై రెండు. జవాబు రెండు మోల్‌లు.

నా మొహం మండ! ఏమీ చెప్పకుండా పుస్తకం ఆమె చేతిలో పెట్టేశాను. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. రెండు రోజులు ఆమె కనిపిస్తే పక్కదారిన పోయాను. మూడో రోజు తార్నాక బస్టాపులో ఎదురుపడింది. "తప్పు నాదే అక్కా. నీ బుక్కే కరెక్టు" అని గబగబా చెప్పేశాను.

తిడితే బాగుండేది. బస్సులు వచ్చే వైపు చూస్తూ అంది.

"పరీక్షల ఫస్టు రెండే రాసిన మేడం. మళ్ల మీరు యాదికొచ్చిండ్రు. గంత సదువుకున్న మేడం తప్పు చెప్తదా అని కొట్టేసిన."