ఆవిడనే అడగాలి

మా పెద్దమ్మ ఉద్యోగం ఇళ్ల తలుపులు తట్టి ప్రశ్నలు అడగడం. బ్యాంకు ఖాతాని, ఫోన్‌లో డబ్బు పంపే సౌకర్యాన్ని ఏ దేశంలో ఎంతమంది వాడుతున్నారో కొలిచి, దేశాలను పక్కపక్కన పెట్టి చూసే పెద్ద సర్వే అది. అన్నిచోట్లా అవే ప్రశ్నలు, అదే వరసలో అడగాలి. "నన్నడిగే ప్రశ్నలకి మాత్రం వావీ వరసా ఉండదు" అని పెదనాన్న మూలిగేవాడు.

ఆ సర్వేలో ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లో పెద్దవాళ్లందరినీ ట్యాబ్‌లో ఎక్కిస్తే, లాటరీ తీసినట్టు అది ఒకరిని ఎంచుతుంది. ఆ మనిషే జవాబు చెప్పాలి.

ఒకసారి రైలు గేటు పక్క వీధిలో, ఒక మేడమీది ఇంట్లో, ఆ వంతు బట్టలు కుట్టే ఆవిడకి వచ్చింది. భర్త అడ్డం నిలబడ్డాడు.

"దానికేం తెలుసండీ? దాని కుట్టుకూలి కూడా నా ఫోన్‌కే వస్తుంది. నన్నడగండి."

"మీ వంతు వస్తే మిమ్మల్నే అడుగుతాను బాబూ. ఇవాళ ఆవిడది."

తలుపు మూసుకుంది. పూర్తయిన ఇంటికే కూలి గనక, వదిలేసి వేరే ఇల్లు చూసుకోమన్నాడు సూపర్‌వైజరు. "ఆవిడ బదులు ఆయన్ని రాస్తే, దేశాల్ని పోల్చినట్టు కాదు, మొగుళ్లని మొగుళ్లతో పోల్చినట్టవుతుంది" అని పెద్దమ్మ మళ్లీ ఆ మెట్లెక్కింది. మర్నాడూ ఎక్కింది.

"మీకింక వేరే పని లేదా?" అన్నాడాయన.

"ఉంటే మీ గుమ్మం ఎందుకు పట్టుకు వేలాడతాను?"

ఆయనకి నవ్వొచ్చేసింది. "సరే, అడుక్కోండి" అంటూ కిందికి దిగిపోయాడు.

"అడుక్కోవడానికే వచ్చా నాయనా" అని పెద్దమ్మ మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీ పేరు మీద ఖాతా ఉందా?"

"ఉందండీ."

"ఈ ఏడాదిలో మీరు స్వయంగా వాడారా?"

మిషను ఆగింది. "ఎప్పుడూ లేదు. కుట్టేది నేను, ఫోన్ నొక్కేది ఆయన." చేతిలో గుడ్డ పక్కన పెట్టి అంది: "అదెలా వాడాలో మీరు చెబుతారా?"

చెప్పాలని పెద్దమ్మ నాలుక దురద పెట్టింది. కానీ తూకం వేసేవాళ్లు తక్కెడలో చెయ్యి పెట్టకూడదు. "ఇవాళ చెప్పకూడదమ్మా. ఆదివారం మామూలు మనిషిగా వస్తాను." ఆవిడ నమ్మలేదు. ఎంతమంది అలా అని వెళ్లిపోలేదు!

పెద్దమ్మ ఆదివారం వెళ్లింది. సూదిలోకి దారం ఇట్టే ఎక్కించే ఆ వేళ్లు ఫోన్ మీద పక్క అంకెలు నొక్కాయి. పిన్ పెట్టుకునేటప్పుడు పెద్దమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "ఎవరికీ చెప్పకు. నాక్కూడా."

"నన్ను నమ్మవా?" అన్నాడు భర్త గుమ్మంలోంచి.

"నిన్ను నమ్మక కాదు. నన్ను నేను నమ్ముకుందామని" అంది ఆవిడ.

ఆయన చాలా రోజులు ముభావంగానే ఉన్నాడట.

తర్వాత నివేదిక వచ్చింది. దేశాల వరసలో మా దేశం ఒక మెట్టు కిందికి దిగింది. "దేశం పరువు తీశావు కదే!" అన్నాడు పెదనాన్న. నాకూ ఉండబట్టలేదు. "ఆదివారానికి ఎలాగూ నేర్చుకుంది కదా పెద్దమ్మా, 'అవును' అని రాసేస్తే ఏం పోయేది?"

"అడిగిన రోజుకి కాదు కదే" అంది, కూరగాయలు తరుగుతూ, అదేదో పెద్ద విషయం కానట్టు.

మొన్న ఆవిడకి కుట్టడానికిచ్చిన బట్టలు తెచ్చుకోవడానికి నేను వెళ్తే, ఆ ఇంటి గోడకి స్కానర్ బొమ్మ అతికించి ఉంది. ఎవరో డబ్బు కడుతూ పేరు సరిచూసుకుంటున్నారు. "అది ఆవిడదండీ, నాది కాదు" అంటున్నాడు భర్త.