నాయిన తోలుకొచ్చిన ఎదురు

ఆ రోజుల్లో మంచి పనికి బయలుదేరే మనిషికి మంచి ఎదురు రావాలని మా ఇళ్లలో ఎంత పట్టింపో చెప్తే, ఇప్పటి పిల్లలు ఫోన్లోంచి తలెత్తి నవ్వుతారు. మాది పెన్‌పహాడ్ దగ్గర గొర్లు కాసుకునే కుటుంబం. మా వాడకట్టులో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్లను నేనే (ఈ మాట ఇప్పటికీ అవసరం లేని చోట కూడా చెప్తుంటాను). మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర వడ్ల ట్రాక్టర్లకు చీటీలు రాసే ఉద్యోగం దొరికింది. నాయిన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు గొంగడి దులుపుకుంటూ, "పో. గని వాళ్లు వాపస్ పంపిస్తే నౌకరి ముచ్చట ఖతం. ఇగ సంబంధం సూస్త, కాదనొద్దు" అన్నాడు. "సరే" అన్నాను, ఏదో పెద్ద మొనగత్తె లాగా.

మొదటి రోజు పొద్దున నాకు ఎదురు రావాల్సిన నాయిన కోడి కూయకముందే మందను తోలుకుని వెళ్లిపోయాడు. ఏడుపు మింగుకుని, ఇస్త్రీ చేసిన కొత్త డ్రెస్సులో బస్సెక్కాను. ఊరు దాటి రెండు మలుపులు తిరిగామో లేదో బస్సు ఆగిపోయింది. రోడ్డంతా గొర్లు. వాటి ముందు కర్ర భుజాన వేసుకుని మా నాయిన! ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. ఆలస్యం చేయించి ఉద్యోగం ఊడగొట్టాలనే కదా! ఆ మనిషెవరో, ఆ గొర్లెవరివో నాకు తెలియనట్టు చున్నీ ముఖమ్మీదికి లాక్కున్నాను. "ఎవలివి గీ గొర్లు? జర పక్కకు తోలుర్రి!" అని కండక్టర్ అరిచాడు. ఇంతలో, తల్లి చచ్చిపోతే నేను సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె నా వాసన పట్టి నేరుగా ఫుట్‌బోర్డు మీదికి ఎక్కి "మే" అంది. కండక్టర్ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "నీ సుట్టమా అమ్మా?" అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టేసరికి మంద బెదిరి పక్కన పత్తి చేలో పడింది. ఇక తప్పక దిగాను. కొత్త డ్రెస్సు, కొత్త చెప్పులు, చేను నిండా బురద. నాయిన ఏదో చెప్పబోయాడు. "నువ్వు మాట్లాడకు నాయినా!" అన్నాను. ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

మంద చేలోంచి బయటపడేసరికి ఆ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో మిల్లు చేరేసరికి పదిన్నర. గుమాస్తాది కోదాడ. మనిషి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ముక్కు కూడా మూసుకున్నాడు. "తొమ్మిదికి రమ్మంటే ఇప్పుడా వచ్చేది? మొదటిరోజే ఇట్లయితే ఎట్లాగమ్మా? ఇంటికెళ్లిపో" అన్నాడు. అయిపోయింది, ఇక సంబంధమే అనుకుంటూ గేటు వైపు తిరిగాను. అక్కడ ట్రాక్టర్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడి ఇరుక్కున్నాయి. వెనకవాళ్లు హారన్లు, ముందువాళ్లు తిట్లు. వెనక గొర్రెను ఎంత కొట్టినా మంద కదలదనీ, ముందుదాన్ని తిప్పాలనీ మా ఇంట్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. ముందున్న ట్రాక్టర్ దగ్గరికి పోయి, "అన్నా, నువ్వొక్కనివి ఎనకకు తియ్యి" అన్నాను. "నువ్వెవలు నాకు చెప్పనీకి?" అన్నాడతను. అంతే! పొద్దుటి నుంచి కడుపులో ఉన్న కోపమంతా "ట్ర్ర్ర్... హెయ్!" అని మంద తోలే కేకయి బయటికొచ్చింది. అతను ఉలిక్కిపడి రివర్స్ గేరు వేశాడు. ఒకదాని వెనక ఒకటి అన్ని ట్రాక్టర్లూ వరసకొచ్చాయి. డ్రైవర్లు (సగం మంది మాలాంటి ఇళ్లవాళ్లే) పొట్ట పట్టుకుని నవ్వారు. గుమాస్తా మాత్రం నవ్వలేదు. చీటీల పుస్తకం, పెన్ను నా చేతికిచ్చి, "రేపు కూడా ఆ గొంతు తీసుకురామ్మా. కాకపోతే టైముకి" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా, "ఎందుకట్ల చేసినవ్ నాయినా? నా నౌకరి పోవాల్ననా?" అని గుమ్మంలోనే నిలదీశాను. అమ్మ తల కొట్టుకుంది. "పిచ్చిదానా, మంద ఎదురైతే లచ్చిమి ఎదురైనట్టే అంటరు కదనే! నీ కోసమే అంత దూరం తోలుకపోయిండు."

నాయిన కర్ర మూల పెట్టి, నేలచూపులు చూస్తూ, "నేనొక్కన్ని ఎదురొస్తే ఏం సాల్తది బిడ్డా? అంత దూరం పోయేదానివి. అందుకే అందర్నీ తోలుకొచ్చిన" అన్నాడు.

ఇప్పుడు సూర్యాపేటలో నాకు సొంత విత్తనాల దుకాణం ఉంది. బోర్డు మీద నా పేరే, కారు నడిపేదీ నేనే. మునగాల వైపు వెళ్లినప్పుడు దారికి అడ్డంగా మంద వస్తే వెనకవాళ్లంతా హారన్లు మోగిస్తారు. నేను ఇంజన్ ఆపేస్తాను. అద్దం దించి, చున్నీలో ముఖం దాచుకున్న ఆ పొగరుబోతు పిల్లను తలుచుకుంటాను. ఏ ఇంటి ఆడపిల్ల కోసం వచ్చిన ఎదురో ఏమో, మంద మొత్తం దాటేదాకా కదలను.