నానమ్మ భాషలో రాక్ బ్యాండ్

డునెడిన్ నుంచి ఇన్వర్‌కార్గిల్ వెళ్లే బస్సులో నా పక్క సీటాయన కుదురుగా కూర్చోలేకపోయాడు. మోకాలు ఆడిస్తూ, ఇయర్‌ఫోన్లు పెడుతూ తీస్తూ ఉన్నాడు. యాభై దాటిన రాక్ గాయకుడట. ఇన్నేళ్లూ గిటార్ల హోరులో పాడిన వాళ్ల బ్యాండ్, ఈసారి ఆల్బమ్ మొత్తం వాళ్ల నానమ్మ స్కాట్లాండ్ నుంచి తెచ్చుకున్న గేలిక్ భాష జానపదాలతో చేసిందట.

"మా మేనత్తకు వినిపించడానికి వెళ్తున్నాను. మా ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్లలో ఆవిడే మిగిలింది. తప్పు పాడానంటే ఏం చెయ్యను? సీడీలు కూడా వచ్చేశాయి" అన్నాడు.

ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చాడు. డ్రమ్స్ మధ్య ఫిడేలు, దాని మీద అతని గొంతు. బాగుంది గానీ మాటలు అర్థం కాలేదన్నాను.

"నాకూ ఆ భాష రాదు. నానమ్మ టేపు విని పలికాను" అన్నాడు, కిటికీ వైపు తిరిగి.

ఊరు రాగానే, బస్సు ఆగకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ మేనత్త ఏమందో నాకు తెలియదు.

ప్రయాణం ముగించుకుని ఫ్లాట్ బుష్‌లో మా ఇంటికొచ్చాక, మాతో ఉండే మా అత్తమ్మను నాట్లప్పుడు పాడుకునే పాట ఒకటి పాడమన్నాను. ఫోన్‌లో రికార్డు చేస్తుంటే ఆవిడ రెండో చరణం సగంలో ఆగిపోయింది.

"అటెన్కది మా అమ్మకే ఎర్క బిడ్డా" అంది.