గొడుగుకొండకు రెండు దారులు

తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం పక్కన ఉన్న ఊళ్ళల్లో నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. మడి గట్టు, రొయ్యల గుంట కట్ట, ఆ పైన తారురోడ్డు. అంతకు మించి ఎక్కాల్సిన ఎత్తేమీ లేదు. చెంచురామయ్య యాభై ఏళ్ళు ఆ నేల మీదే హాయిగా బతికాడు. ఎత్తంటే ఆయనకు ప్రాణభయమన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు. రాకుండా ఆయనే చూసుకున్నాడు.

ఊరివాళ్ళకు ఆయన అనుమానాల రామయ్య. రొయ్యపిల్లలు తెచ్చినవాణ్ణి గుంట కట్ట మీద నిలబెట్టి, సంచి విప్పించి, నీళ్ళు చేత్తో తీసి వాసన చూసేవాడు. మేత బస్తాకు వేసిన కుట్టు ఫ్యాక్టరీదా, మధ్యలో ఎవడైనా విప్పి మళ్ళీ కుట్టాడా అని దారం లాగి చూసేవాడు. ఇంత అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు. అది ఒక వాటర్ ట్యాంకు దగ్గర మొదలైంది. వయసులో ఉన్నప్పుడు పంచాయతీ ట్యాంకు మూత గాలికి లేచిపోతే, తోటి కుర్రాళ్ళు ఆయన్ను పైకి ఎక్కించారు. సగం నిచ్చెన ఎక్కాక ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. కింద నుంచి అందరూ తలెత్తి చూస్తున్నారు. ఎలాగో దిగివచ్చి, "నిచ్చెనంతా తుప్పు. ఎవుడు బిగించినాడో గానీ పాణాలు పోతాయి" అన్నాడు. నమ్మారు. నిచ్చెన మార్పించారు కూడా. ఇక ఆయనకు ఉపాయం దొరికింది. మిద్దె ఎక్కమంటే పిట్టగోడ మీద అనుమానం, వంతెన మీద నడవాలంటే కట్టిన కాంట్రాక్టరు మీద అనుమానం. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎత్తుల దగ్గర ఆగకుండా అన్నిటికీ పాకింది.

ఆయన నడకలోకి వచ్చింది కూడా అనుమానంతోనే. భార్య పెంచలమ్మకు షుగరు వచ్చి, డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆమె తెల్లవారగానే కోడూరు బీచ్ రోడ్డు పట్టేది. వారం తిరిగేసరికి చెంచురామయ్యకు ఒక ఆలోచన తొలిచింది. ఆ రోడ్డు మీదే ఆమె చెల్లెలి ఇల్లుంది, ఆ ఇంట్లో మలైకాజాలకు కొదవ లేదు. నడక పేరు చెప్పి అక్కడ కూర్చుని తింటోందేమోనని ఒకరోజు వెనకాలే వెళ్ళాడు. ఆమె చెల్లెలి ఇంటివైపు చూడకుండా సరివితోపు దాటి, ఇసుకదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఎదురుగా మొగుడు.

"ఏందయ్యా, నువ్వు కూడా నడవను వచ్చినావా?" అంది.

"ఊ" అన్నాడు. మరుసటి రోజు కూడా వెళ్ళక తప్పలేదు. పోనుపోను అదే అలవాటైంది. ప్రైవేటు స్కూల్లో పీటీ మాస్టారుగా ఉన్న గిరిబాబు ఆదివారాలు కొందరిని పోగుచేసి ఎక్కడికో అక్కడికి నడిపించేవాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అందులో చేరారు. ఇసుక మీద మైపాడు దాకా నడిచినా, పొలాల గట్ల మీద నడిచినా చెంచురామయ్యే అందరికంటే ముందు. చదునుగా ఉన్నంతవరకూ ఆయన్ను పట్టుకునేవాళ్ళు లేరు.

ఆ గుంపు పోయిన ఏడాది వెలుగొండల వైపు గొడుగుకొండకు వెళ్ళింది. అప్పుడు గుంటల్లో రొయ్యల పట్టుబడి ఉందని ఆయన తప్పించుకున్నాడు, పెంచలమ్మ మాత్రం వెళ్ళివచ్చింది. ఈ ఏడు మళ్ళీ వెళ్దామన్నారు. గుంటలన్నీ ఎండగట్టి ఉన్నాయి. సాకు లేదు.

గొడుగుకొండ మీది అమ్మవారి గుడికి రెండు దారులని విన్నాడు. ముందువైపు పాతకాలపు మెట్లదారి. వెనకవైపు అడవిలోంచి మేకలదారి. ఫోన్లో వీడియోలు వెతికితే అందరూ మెట్లే ఎక్కుతున్నారు. ఎక్కినవాళ్ళు ఊరుకోకుండా అంచున నిలబడి ఫోను కిందికి తిప్పి చూపిస్తున్నారు. ఆయన మంచం మీద పడుకుని చూస్తూ కూడా మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. మేకలదారి మీద ఒక్క వీడియో లేదు. అంటే చూపించడానికి లోయలేమీ లేవన్నమాట. చుట్టుదారి అయినా చెట్లమధ్య నడక. అదే మేలనిపించింది.

"రెండిట్లో ఏది మంచిది?" అని భార్యను అడిగాడు.

"మెట్లదారే మేలు" అంది చేటలో బియ్యం ఏరుతూ.

"ఎందుకట్టా?"

"ఎందుకేంది, మేలు. అందరూ దాంట్లోనే గదా పోతారు."

ఆమె తల ఎత్తలేదు. ఏదడిగినా ముఖంలోకి చూసి బదులిచ్చే మనిషి బియ్యంలోకి చూసి చెప్పడం ఆయనకు నచ్చలేదు.

ఆ ఆదివారం వ్యానులో అనుమానం ఇంకా ముదిరింది. పెంచలమ్మ ముందు సీటు మీదికి వంగి గిరిబాబు చెవిలో ఏదో చెప్పింది. గిరిబాబు తల ఊపి, ఒకసారి వెనక్కి తిరిగి చెంచురామయ్య వైపు చూసి చప్పున ముందుకు తిరిగాడు. ఎవరో పోయిన ఏడాది ఫొటోలు చూపిస్తూ ఫోను చేతులు మార్చారు. అది పెంచలమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆమె చూసి, పక్కనున్న మొగుడికి ఇవ్వకుండా వెనక సీటుకు అందించేసింది. గిరిబాబు ప్రతి నడకనూ వీడియో తీసి నలుగురికీ పంపిస్తాడు. ఈసారి ఆ వీడియోలో తనను వణికించి నవ్వుకోవాలనేనా ఇదంతా? ఒకవేళ తన సంగతి వీళ్ళకు తెలిసిందా? తెలిసే వీలు లేదు, తను ఎవరికీ చెప్పలేదు.

కొండ కింద దిగగానే ఆయన తేలిగ్గా అన్నట్టు, "నేను వెనక దారిలో వస్తాలే గిరీ. నాకు అడివి చూడాలనుంది" అన్నాడు.

గిరిబాబు ఒక్క క్షణం పెంచలమ్మ వైపు చూశాడు. "వెనక దారి మూసేసినారన్నా. ఎలుగుబంటి తిరగతా ఉందంట. ఫారెస్టోళ్ళు ఎవుర్నీ పోనీటం లేదు."

"ఎప్పుడు మూసినారు?"

"ఈ మధ్యనే."

అందరూ షూ లేసులు బిగించుకుంటుంటే, చెంచురామయ్య టీ తాగివస్తానని టార్పాలిన్ కింద ఉన్న కొట్టు దగ్గరికి వెళ్ళాడు. కొట్టు నడిపే ఆదిశేషమ్మ గ్లాసు అందించింది.

"వెనక దారి మూసినారంటగా అమ్మా?"

"మూసేదేందయ్యా? మా ఇంటాయన ఇందాకే మేకల్ని తోలకపోయినాడు ఆ దారినే."

"ఎలుగుబంటి ఉందంట?"

"ఎప్పుడో నా పెళ్ళినాడు కనపడిందని మా అత్త చెప్పేది." ఆమె నవ్వింది.

ఆ దారిలో ఇంకేమైనా ఉందా అని అప్పుడు అడగాల్సింది. అబద్ధం చేతికి చిక్కిన సంతోషంలో ఆయన ఆ మాట అడగలేదు. గ్లాసు కింద పెట్టి, కొట్టు వెనకనుంచే చెట్లలోకి నడిచాడు.

దారి ఆయన అనుకున్నట్టే ఉంది. బలుసు పొదలు, రేగు చెట్లు, కాళ్ళకింద మేకల గిట్టల గుర్తులు. కొద్దికొద్దిగా ఎక్కుతోంది తప్ప ఎక్కడా పక్కన ఖాళీ లేదు. చెట్లు రెండువైపులా గోడల్లా అడ్డం నిలబడి కిందికి చూపు పోనివ్వడం లేదు. ఇంత మంచి దారిని మూసేశారని చెప్తారా? వాళ్ళు మెట్లెక్కి పైకి వచ్చేసరికి తను గుడి ముందు కూర్చుని ఉండాలి. అప్పుడు గిరిబాబు ముఖం చూడాలి. ఆ ఊహతో ఆయన నడక వేగం పెరిగింది. మధ్యలో ఒకచోట నిటారుగా ఉన్న రాళ్ళు వస్తే, చేతులూ కాళ్ళూ వాడి వెనక్కి చూడకుండా ఎక్కేశాడు.

ఆ రాళ్ళు ఎక్కిన చోటనే చెట్లు ఆగిపోయాయి.

ఎదురుగా ఒక పెద్ద నున్నటి బండ. గడ్డిపరక లేదు, పట్టుకోవడానికి చిన్న పగులు కూడా లేదు. ఎడమవైపుకు ఏటవాలుగా జారి, కొంతదూరం పోయాక కనిపించకుండా పోయింది. అది ఆగినచోట గాలి, గాలి కింద ఎక్కడో ఆకుపచ్చగా అడవి. మేకలు ఆ బండకు అడ్డంగా దాటి వెళ్ళిపోయినట్టున్నాయి. అవతల వాటి మెడగంటలు వినిపిస్తున్నాయి.

చెంచురామయ్య ఎలా కూర్చున్నాడో ఆయనకే తెలియదు. కూర్చున్నాక రెండు అరచేతులూ రాతికి ఆనించాడు. నేల కదులుతున్నట్టుంది. వెనక్కి తిరుగుదామంటే, ఎక్కివచ్చిన రాళ్ళు దిగాలి, దిగాలంటే కిందికి చూడాలి. నోరు ఎండిపోయింది. చొక్కా వీపుకు అంటుకుంది. ఎవరినైనా పిలుద్దామనుకున్నాడు గానీ, పిలిస్తే తన సంగతి బయటపడిపోతుంది.

కాసేపటికి రాళ్ళ కింద నుంచి ఎగశ్వాస వినిపించింది. తరువాత పెంచలమ్మ గొంతు.

"కళ్ళు మూసుకోబాక. మూసుకుంటే ఇంకా ఎక్కువవుద్ది. నా తట్టు చూడు."

కొట్టు దగ్గర ఆయన లేకపోవడం చూసి వెనకాలే వచ్చినట్టుంది. ఆమె పైకి వచ్చి, ఆయనకూ ఖాళీకీ మధ్యన అడ్డంగా కూర్చుంది. చీర కుచ్చెళ్ళు నడుముకు దోపి ఉన్నాయి. మోచెయ్యి ఎక్కడో గీసుకుపోయి రక్తం కనిపిస్తోంది.

ఆయన నోట వచ్చిన మొదటి మాట కూడా అనుమానమే. "ఈ దారి మూసినారని వాడు అబద్ధం చెప్పినాడే."

"వాడు కాదు. నేనే చెప్పించినా."

"ఎందుకు?"

"పోయినేడు ఈ దారిన దిగేటప్పుడు ఈ బండ చూసినా. నీవల్ల కాదనుకున్నా. ఇందాక ఫొటోలు నీకియ్యంది కూడా అందుకే. బండ ఉందని నీకు చెప్తే, అది నాకెందుకు చెప్తా ఉండావని అడగతావు. నేనేం చెప్పాల?"

ఆయన బండ వైపు చూడబోయి, మళ్ళీ ఆమె మోచేతి మీదికి చూపు తిప్పుకున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"పెళ్ళైన కొత్తల్లో నెల్లూర్లో సినిమాకి పోయినాం గదా. బాల్కనీ స్తంభాలు పగిలుండాయి, కింద కూచుందామన్నావు. నేను పోయి చూసినా. స్తంభాలు బాగానే ఉండాయి. నీ చెయ్యే వణకతా ఉండింది."

ఇరవయ్యేళ్ళకు పైగా ఆమె తనతో నేల టిక్కెట్టులోనే కూర్చుంది. ఒక్కనాడు కూడా ఎందుకని అడగలేదు. చెంచురామయ్యకు దాన్ని ఎలా తీసుకోవాలో తెలియలేదు. కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెంటికింద ఇంకేదో కదిలింది.

"ఊళ్ళో ఇంకెవురికి తెలుసు?"

"గిరిబాబుకి ఇయ్యాలే చెప్పినా. ఇంకెవురికీ నా నోటితో చెప్పలా." ఆమె మోచేతి రక్తం కొంగుతో తుడుచుకుంది. "వాళ్ళంతట వాళ్ళకి తెలిసుంటే నాకు తెలవదు."

గాలి ఒకసారి గట్టిగా వీచింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "బయమేస్తా ఉందే" అన్నాడు. అన్న తరువాత ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు.

"కూచునే దిగుదాం. నేను ముందు దిగతా. నువ్వు నా తల తట్టే చూడు, ఆ పక్క చూడబాక."

అలాగే దిగారు. ఆమె ఒక్కొక్క రాయి మీద కాలు పెట్టి, అది కదలదని చెప్పి, ఆయన పాదాన్ని తన చేత్తో పట్టి అక్కడ పెట్టేది. అది నిజంగా కదలదా అని ఆయన ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ ఆమె చెప్పింది. చెట్లలోకి వచ్చాక ఆయన కాళ్ళు ఆయన మాట విన్నాయి.

దారులు చీలినచోటికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఇక వ్యానులో కూర్చుంటానంటాడని పెంచలమ్మ అనుకుంది. ఆయన నీళ్ళు తాగి, "మెట్లదారి ఎట్టుంటదో ఉండేది ఉన్నట్టు చెప్పు. దాచబాక" అన్నాడు.

ఆమె చెప్పింది. సగందాకా మెట్లకు రెండు పక్కలా బండలే, ఏమీ కనపడదు. ఆ తరువాత ఒక మలుపు. అక్కడి నుంచి ఒక పక్క కొండ, ఒక పక్క ఖాళీ, నడుమెత్తు ఇనప పైపు. గుడిదాకా అంతే.

"మలుపు దాకా వస్తా" అన్నాడు. "ఆడ ఏమనిపిస్తే అది."

మలుపు దాకా ఎక్కాడు. అక్కడ ఖాళీ మళ్ళీ ఎదురైంది. వీపు కొండకు ఆనించి కూర్చుండిపోయాడు. అయితే ఈసారి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చూసి, తల దించుకుని, మళ్ళీ చూశాడు. దూరంగా చెరువులు, దారంలా రోడ్డు.

"నాకిది చాలు. నువ్వు పోయి దండం పెట్టుకోనిరా" అన్నాడు.

ఆమె పైపు పట్టుకుని పైకి వెళ్ళి, ఇంకో మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఆయన ఒక్కడే కూర్చున్నాడు. ఎవరైనా దిగివస్తే కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు. గిరిబాబు వాళ్ళు దిగుతూ వచ్చారు. అందరి నుదుటా ఎర్రగా అమ్మవారి కుంకుమ. గిరిబాబు ఏదో చెప్పబోతే, "నువ్వు చెప్పిన ఎలుగుబంటి కనపడలేదబ్బా" అన్నాడు చెంచురామయ్య. గిరిబాబు తల గోక్కుంటూ నవ్వి కిందికి వెళ్ళాడు.

వాళ్ళ వెనకే పెంచలమ్మ వచ్చింది.

చాలా తొందరగా వచ్చింది. నుదుటి మీద పొద్దున పెట్టుకున్న స్టిక్కరు బొట్టు తప్ప మరేమీ లేదు. ముఖాన చెమట కూడా ఆరిపోయి ఉంది. పైదాకా ఎక్కివచ్చిన మనిషిలా లేదు. ఆ పై మలుపులో, పిలిస్తే వినపడేంత దగ్గర్లో కూర్చుని వచ్చిన మనిషిలా ఉంది.

"దర్శనం బాగా అయిందా?" అన్నాడు.

"అయింది" అంది, మెట్లవైపు చూస్తూ.

పూజారి కుంకుమ పెట్టలేదా అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. చెంచురామయ్య దాన్ని అక్కడే ఆపి, కొండను పట్టుకుని మెల్లగా లేచాడు.

"దిగేటప్పుడు నువ్వు ఏ పక్కన నడస్తావు?"

"బయటి పక్కన."

సరేనన్నాడు. ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు.